హెచ్‌ఐవీ మందులు, మనసు, నిద్ర: తరచుగా అడిగే ప్రశ్నలు

ఏఆర్‌టీ (హెచ్‌ఐవీని అణచే మందుల చికిత్స) మొదలుపెట్టినప్పుడో, మందు మార్చినప్పుడో కొందరికి నిద్ర చెడిపోతుంది. కలలు విపరీతంగా వస్తాయి. కారణం కనిపించని దిగులు కమ్ముకుంటుంది. క్లినిక్‌లో వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ ఎంత ఉందన్న లెక్క) గురించి అడిగినంతగా వీటి గురించి అడగరు. అడగలేదు కాబట్టి చాలామంది చెప్పరు. చెప్పుకోని బాధ చివరికి మాత్రలు మానేసేదాకా తీసుకెళ్తుంది. అలా జరగాల్సిన పని లేదు, ఎందుకంటే ఈ ఇబ్బందుల్లో చాలా వాటికి మందు వేసుకునే వేళ మార్చడమో, మందే మార్చడమో పరిష్కారంగా ఉంది.

మీకు ఇప్పుడే ప్రాణం తీసుకోవాలనిపిస్తుంటే మిగతాది తర్వాత చదవొచ్చు. నమ్మకమైన మనిషిని పక్కకు పిలవండి, ఆస్పత్రి ఎమర్జెన్సీకి వెళ్లండి, లేదా మీరున్న చోట పనిచేసే ఆత్మహత్యల నివారణ హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయండి.

నిజంగా మందుల వల్లే మనసు మారుతుందా? నేనే ఊహించుకుంటున్నానా?

ఊహ కాదు. కొన్ని హెచ్‌ఐవీ మందులు రక్తం నుంచి మెదడుకు చేరతాయి. వైరస్ మెదడులోనూ ఉంటుంది కాబట్టి మందు అక్కడికి చేరడం మంచిదే. కానీ కొందరిలో అదే మందు నిద్రను, ఆలోచనను, మానసిక స్థితిని కదిలిస్తుంది. ఇది మీ మనోబలానికి సంబంధించిన విషయం కాదు. రక్తంలో మందు ఎంత ఉంది, మీ శరీరం దాన్ని ఎంత వేగంగా బయటకు పంపుతోంది అన్నదానికి సంబంధించినది.

ఏ మందుతో ఈ ఇబ్బంది ఎక్కువ?

అన్నిటినీ ఒకే గాటన కట్టకూడదు. ముందు సీసా తీసి లేబుల్ మీద చిన్న అక్షరాల్లో ఉన్న పేర్లు చదవండి. రోజుకు ఒకటే మాత్ర వేసుకునేవారు నిజానికి రెండు మూడు మందులు కలిపి వేసుకుంటున్నారు. టీఎల్‌డీ అంటే టెనోఫోవిర్ 300, లామివుడిన్ 300, డోలుటెగ్రావిర్ 50 మిల్లీగ్రాములు. టీఎల్‌ఈలో మొదటి రెండూ అవే, మూడోది ఎఫావిరెంజ్. మనసుకు సంబంధించినంతవరకు తేడా అంతా ఆ మూడో మందులోనే ఉంది. టెనోఫోవిర్, లామివుడిన్, ఎమ్‌ట్రిసిటబిన్ మానసిక ఇబ్బందులు తెచ్చేది అరుదు.

అన్నిటికంటే ముందు చెప్పుకోవాల్సింది ఎఫావిరెంజ్. ఆ తర్వాత డోలుటెగ్రావిర్, రిల్పివిరిన్, కాబోటెగ్రావిర్. బిక్టెగ్రావిర్, రాల్టెగ్రావిర్‌తోనూ నిద్రలేమి, దిగులు కొందరికి వస్తాయి. జిడోవుడిన్‌తో తలనొప్పి, నిద్ర పట్టకపోవడం ఉంటాయి, ఉన్మాదం చాలా అరుదు. డారునావిర్, అటజానావిర్ వంటివి నేరుగా మనసు జోలికి వచ్చేది తక్కువే. కానీ వాటితో కలిపి ఇచ్చే రిటోనావిర్ లేదా కోబిసిస్టాట్ ఇతర మందులతో పెట్టుకునే పేచీ చాలా పెద్దది. దాని గురించి కింద వివరంగా ఉంది.

ఎఫావిరెంజ్ మొదలుపెడితే ఏమవుతుంది? ఎన్నాళ్లు ఉంటుంది?

1998లో అమెరికాలో అనుమతి పొందిన ఈ మందును ప్రపంచవ్యాప్తంగా కోట్లమంది వాడారు, అందువల్ల దీని గురించి తెలిసింది చాలా ఉంది. కంపెనీ పరీక్షల్లో ఎఫావిరెంజ్ తీసుకున్నవారిలో 53 శాతం మందికి నాడీ సంబంధ లక్షణాలు ఏవో ఒకటి కనిపించాయి. పోల్చి చూసిన ఇతర మందులవారిలో అవి 25 శాతం. తలతిరుగుడు 28 శాతం, నిద్రలేమి 16 శాతం మందికి. ఆ తర్వాత వరుసలో ఏకాగ్రత కుదరకపోవడం, మగత, విపరీతమైన కలలు. లక్షణాలు తీవ్రంగా ఉన్నవారు 2 శాతం. దాదాపు అంతేమంది మందు మానాల్సి వచ్చింది.

ఇవి మొదటి రోజో, రెండో రోజో మొదలవుతాయి. మాత్ర వేసుకున్న రెండు మూడు గంటలకు తూలినట్టు, మత్తు ఎక్కినట్టు అనిపించవచ్చు. కలలు కళ్లకు కట్టినట్టుంటాయి. అన్నీ పీడకలలే కానక్కర్లేదు గానీ లేచాక కూడా వాటి బరువు వదలదు. చాలామందిలో 2 నుంచి 4 వారాల్లో ఇవి తగ్గిపోతాయి. ఈ కాలంలో రాత్రి మాత్ర వేసుకున్నాక బండి నడపడం, ఎత్తులు ఎక్కడం, యంత్రాల దగ్గర పని చేయడం వద్దు. రాత్రి బాత్రూమ్‌కు లేచేటప్పుడు ఒక నిమిషం మంచం మీద కూర్చుని ఆ తర్వాతే నిలబడండి.

నాలుగు వారాలు దాటినా తగ్గకపోతే "అలవాటైపోతుందిలే" అని ఎదురుచూడవద్దు. అప్పటికీ పోనివి తమంతట తాము పోతాయన్న ఆశ తక్కువ. మందు మార్చమని అడగడానికి అదే సరైన సమయం.

దాన్ని ఎలా వేసుకుంటే ఇబ్బంది తక్కువ?

ఖాళీ కడుపుతో, పడుకునే ముందు. కొవ్వు ఎక్కువున్న భోజనంతో 600 మిల్లీగ్రాముల మాత్ర వేసుకుంటే రక్తంలో దాని గరిష్ఠ స్థాయి సుమారు 79 శాతం పెరుగుతుంది. వేపుళ్లు, విందు భోజనం చేసిన రాత్రి తల ఎక్కువగా తిరగడానికి కారణం ఇదే. భోజనానికీ మాత్రకూ మధ్య కనీసం రెండు గంటల ఎడం ఉంచండి. మద్యం ఈ మత్తును ఇంకా పెంచుతుంది.

మోతాదు గురించి కూడా అడగండి. 2014లో వెలువడిన ఎన్‌కోర్1 అధ్యయనంలో 400 మిల్లీగ్రాములు 600కు తీసిపోకుండా వైరస్‌ను అణచింది, మందు వల్ల వచ్చే ఇబ్బందులు తగ్గాయి. అంతమాత్రాన 600 మాత్రను ఇంట్లో విరిచి వేసుకోకూడదు. మిశ్రమ మాత్ర అయితే విరిచినప్పుడు మిగతా రెండు మందుల మోతాదు కూడా తగ్గిపోతుంది.

అదే మాత్ర నా స్నేహితుడికి ఏమీ చేయలేదు. నాకే ఎందుకు?

ఎఫావిరెంజ్‌ను కాలేయంలో సీవైపీ2బీ6 అనే ఎంజైమ్ విడగొడుతుంది. కొందరిలో ఆ జన్యువు తల్లి నుంచీ తండ్రి నుంచీ కూడా నెమ్మదిగా పనిచేసే రకంగానే వస్తుంది. వాళ్ల రక్తంలో అదే 600 మిల్లీగ్రాములకు మందు స్థాయి ఇతరుల కంటే చాలా ఎక్కువగా పేరుకుంటుంది. మామూలుగానే ఈ మందు సగానికి తగ్గడానికి 40 నుంచి 55 గంటలు పడుతుంది, వీళ్లలో ఇంకా ఎక్కువ. టీబీ కోసం ఐసోనియాజిడ్ కూడా వాడుతుంటే వీళ్లలో స్థాయి మరింత పెరుగుతుంది. జన్యు పరీక్ష ఉంది గానీ అన్నిచోట్లా దొరకదు. లక్షణాలు స్పష్టంగా ఉన్నప్పుడు పరీక్ష కోసం ఆగక్కర్లేదు.

ఏళ్లుగా ఎఫావిరెంజ్ మీదే ఉన్నాను. ఇప్పుడు మతిమరుపు, నడకలో తూలు. ఇంతకాలం తర్వాత కూడా మందు వల్ల కావచ్చా?

కావచ్చు. నెలలు, ఏళ్లు గడిచాక మొదలయ్యే తూలు నడక, గందరగోళం, మెదడు మందగించడం ఎఫావిరెంజ్‌తో నమోదయ్యాయి. ఆ హెచ్చరిక మందు లేబుల్‌లోనూ ఉంది. పైన చెప్పిన ఎంజైమ్ నెమ్మదిగా పనిచేసేవారిలో ఈ ముప్పు ఎక్కువ. వయసు మీద పడిందనుకుని వదిలేసే లక్షణాలు ఇవి, అందుకే ప్రత్యేకంగా చెప్తున్నాం. ఎఫావిరెంజ్ మానేసి మందు మార్చాక తెరిపిన పడినవారు ఉన్నారు.

ఇంకొకటి: చాలాకాలంగా వాడుతున్నవారు "నాకేం లేదు" అంటారు. మందు మారిన నెల తర్వాత మాత్రం నిద్ర ఇంత హాయిగా ఉంటుందని మర్చిపోయామంటారు. చిన్న మగత, పొద్దున బరువుగా ఉండే తల ఏళ్లతరబడి ఉంటే అదే మామూలు అనిపిస్తుంది.

ఎఫావిరెంజ్‌తో ఆత్మహత్య ఆలోచనలు వస్తాయంటారు. ఎంత నిజం?

అనుమతి కోసం జరిగిన పరీక్షల్లో తీవ్రమైన డిప్రెషన్ ఎఫావిరెంజ్ వాడినవారిలో 2.4 శాతం, ఇతరుల్లో 0.9 శాతం. 2014లో నాలుగు క్లినికల్ పరీక్షల సమాచారాన్ని కలిపి చేసిన విశ్లేషణలో ఆత్మహత్య ఆలోచనలు, ప్రయత్నాలు కలిపి చూస్తే ఎఫావిరెంజ్ వాడినవారిలో ముప్పు రెండింతలకు పైగా ఉంది. ప్రతి అధ్యయనంలోనూ ఇదే తేలలేదు. అయినా జాగ్రత్త పడటానికి ఇది చాలు. ముప్పు మొత్తంగా చూస్తే చిన్నదే గానీ, గతంలో డిప్రెషన్, ఆత్మహత్యా ప్రయత్నం, మత్తు పదార్థాల అలవాటు ఉన్నవారిలో అది పెద్దదవుతుంది. ఇలాంటి చరిత్ర ఉన్నవారికి ఎఫావిరెంజ్ మొదలుపెట్టకపోవడమే మేలని మా స్పష్టమైన అభిప్రాయం. డాక్టరు అడగకపోయినా ఈ చరిత్ర మీరే చెప్పండి. చెప్తే ఏఆర్‌టీ ఆపేస్తారేమోనన్న భయం అక్కర్లేదు, మందు ఎంపిక మాత్రమే మారుతుంది.

డోలుటెగ్రావిర్‌కు మారాక నిద్ర పట్టడం లేదు. ఇది మంచి మందన్నారు కదా?

మంచి మందే. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని అన్ని వర్గాలవారికీ మొదటి వరుస మందుగా సిఫారసు చేసింది. ఎఫావిరెంజ్‌తో నేరుగా పోల్చిన సింగిల్ అనే పరీక్షలో తలతిరుగుడు డోలుటెగ్రావిర్‌తో 9 శాతం, ఎఫావిరెంజ్‌తో 35 శాతం. కానీ నిద్రలేమి మాత్రం తారుమారైంది: డోలుటెగ్రావిర్‌తో 15 శాతం, ఎఫావిరెంజ్‌తో 10 శాతం. కాబట్టి మీకు జరుగుతున్నది తెలిసిన విషయమే.

మొదట చేయాల్సింది మాత్రను ఉదయానికి మార్చడం. దీన్ని ఏ వేళనైనా, భోజనంతోనైనా, భోజనం లేకుండానైనా వేసుకోవచ్చు. పాత ఎఫావిరెంజ్ అలవాటుతో రాత్రి పడుకునే ముందు వేసుకుంటూ ఉండటం కొందరి నిద్రలేమికి కారణం కావచ్చు. మార్చేటప్పుడు రెండు మాత్రల మధ్య ఎడం 24 గంటలు దాటనివ్వకండి. అంటే ఒక రాత్రి మాత్ర వదిలేసి తర్వాతి ఉదయం దాకా ఆగడం కాదు, ముందుకు జరపడం. ఎలా జరపాలో మీ ఫార్మసిస్టుతో ఒకసారి మాట్లాడుకోండి. రెండు నుంచి నాలుగు వారాలు చూడండి. మధ్యాహ్నం తర్వాత కాఫీ, టీ మానండి. అప్పటికీ నిద్ర రాకపోతే, లేదా నిద్రతోపాటు ఆందోళన, దిగులు పెరుగుతుంటే మందు మార్పు గురించి అడగండి.

మహిళలు, 60 దాటినవారు, అబాకవిర్ అనే మరో హెచ్‌ఐవీ మందుతో కలిపి వాడేవారు మానసిక ఇబ్బందులతో డోలుటెగ్రావిర్ మానడం ఎక్కువని జర్మనీ నుంచి వచ్చిన ఒక అధ్యయనంలో తేలింది.

నిద్ర లేక కడుపు మంటకు యాంటాసిడ్ వాడేవారికి ఒక మాట. అల్యూమినియం, మెగ్నీషియం ఉన్న యాంటాసిడ్లు డోలుటెగ్రావిర్‌ను కడుపులోనే పట్టేస్తాయి. వాటికి రెండు గంటల ముందో, ఆరు గంటల తర్వాతో డోలుటెగ్రావిర్ వేసుకోవాలి. ఐరన్, కాల్షియం మాత్రలకూ అదే ఎడం పాటించాలి, భోజనంతో కలిపి వేసుకుంటే మాత్రం ఒకేసారి వేసుకోవచ్చు.

రిల్పివిరిన్, డోరవిరిన్ సంగతి?

రిల్పివిరిన్ 25 మిల్లీగ్రాములతో తలతిరుగుడు, కలలు ఎఫావిరెంజ్ కంటే తక్కువ. డిప్రెషన్ విషయంలో మాత్రం అంత తేడా లేదు, కాబట్టి పాత డిప్రెషన్ ఉన్నవారు దీనితోనూ జాగ్రత్తగా ఉండాలి. దీన్ని సరైన భోజనంతోనే వేసుకోవాలి. ఖాళీ కడుపుతో వేసుకుంటే శరీరానికి అందేది 40 శాతం తగ్గుతుంది. ప్రొటీన్ డ్రింక్ భోజనం కింద లెక్కకు రాదు. కడుపులో ఆమ్లం తగ్గించే ఒమెప్రజోల్ రకం మాత్రలు దీనితో అస్సలు కుదరవు.

డోరవిరిన్‌ను ఎఫావిరెంజ్‌తో పోల్చినప్పుడు తలతిరుగుడు డోరవిరిన్‌తో 8.8 శాతం, ఎఫావిరెంజ్‌తో 37.1 శాతంగా తేలింది. మీకు దొరికే అవకాశం ఉంటే అడగదగిన మందు.

నెలకోసారో, రెండు నెలలకోసారో వేసే ఇంజెక్షన్‌తో డిప్రెషన్ వస్తే ఎలా?

కాబోటెగ్రావిర్, రిల్పివిరిన్ ఇంజెక్షన్లు ఒకసారి వేశాక వెనక్కి తీయలేం. ఆఖరి సూది తర్వాత కూడా ఏడాది, అంతకంటే ఎక్కువకాలం మందు కొద్దికొద్దిగా ఒంట్లో ఉంటుంది. డిప్రెషన్ చరిత్ర ఉన్నవారు ముందు సుమారు నెల పాటు అవే మందులను మాత్రలుగా వాడి చూడటం మంచిది. ఇప్పుడు అది తప్పనిసరి కాదంటారు, అయినా అడిగి తీసుకోండి.

ఇది మందు వల్లా, వైరస్ వల్లా, మామూలు బాధ వల్లా? ఎలా తెలుస్తుంది?

కాలాన్ని చూడండి. లక్షణం మందు మొదలైన రోజుల్లో పుట్టిందా, అంతకు ముందే ఉందా? మాత్ర వేసుకున్న కొన్ని గంటలకు పెరిగి, పగలు తగ్గుతోందా? రెండు వారాల పాటు ఒక కాగితం మీద మాత్ర వేసుకున్న సమయం, తిన్న సమయం, నిద్రపోయిన గంటలు, ఆ రోజు మనసు ఎలా ఉందో పదికి ఒక అంకె రాసుకోండి. డాక్టరుకు మాటల్లో చెప్పేదానికంటే ఈ కాగితం ఎక్కువ ఉపయోగపడుతుంది.

హెచ్‌ఐవీ ఉన్నవారిలో డిప్రెషన్ ఏ మందూ లేకుండానే ఇతరుల కంటే ఎక్కువ. వ్యాధి బయటపడిన షాక్, దాచుకోవాల్సి రావడం, వివక్ష, ఇవన్నీ కారణాలే. వీటికి తోడు థైరాయిడ్ లోపం, బీ12 లోపం, మగవారిలో టెస్టోస్టెరాన్ తగ్గడం, మద్యం కూడా అచ్చం డిప్రెషన్‌లాగే కనిపిస్తాయి. పరీక్షలు తేలికైనవే, చేయించమని అడగండి.

మందు మీదకు నెట్టేసి ఆగకూడనివి కొన్ని ఉన్నాయి. జ్వరంతో తలనొప్పి, వాంతులు, మెడ పట్టేయడం, మాట తడబడటం, ఒక వైపు బలహీనత, మూర్ఛ, ఉన్నట్టుండి మనుషులను గుర్తుపట్టలేకపోవడం. సీడీ4 (రోగనిరోధక కణాల లెక్క) తక్కువగా ఉన్నవారిలో ఇవి క్రిప్టోకాకల్ మెనింజైటిస్, టాక్సోప్లాస్మా అనే మెదడు ఇన్‌ఫెక్షన్లో, మెదడుకు పాకిన టీబీయో కావచ్చు. ఏఆర్‌టీ మొదలైన తొలి వారాల్లో రోగనిరోధక శక్తి కోలుకుంటూ ఈ దాగిన జబ్బులను బయటపెడుతుంది కూడా. అదే రోజు ఆస్పత్రికి వెళ్లాలి.

భరించలేకపోతున్నాను. మాత్రలు ఆపేయొచ్చా?

మీ అంతట మీరు ఆపవద్దు. ఎఫావిరెంజ్ మిశ్రమ మాత్ర ఆపితే జరిగేది ఇది: టెనోఫోవిర్, లామివుడిన్ కొద్దిరోజుల్లో తగ్గిపోతాయి, ఎఫావిరెంజ్ మాత్రం వారాలపాటు ఒంటరిగా రక్తంలో మిగులుతుంది. ఒంటరి మందు ముందు వైరస్ తేలిగ్గా మారిపోతుంది. కే103ఎన్ అనే ఒక్క మార్పు చాలు, ఎఫావిరెంజ్‌తోపాటు అదే కుటుంబానికి చెందిన నెవిరాపిన్ కూడా పనికిరాకుండా పోతుంది. హెపటైటిస్ బీ కూడా ఉన్నవారికి టెనోఫోవిర్, లామివుడిన్ ఒక్కసారిగా ఆపడం కాలేయానికి ప్రమాదం. రోజు విడిచి రోజు వేసుకోవడం కూడా ఆపడం లాంటిదే.

ఆపకుండా మార్చుకోవచ్చు. ఈ రోజు పాత మాత్ర, రేపు కొత్త మాత్ర, మధ్యలో ఖాళీ ఉండదు. క్లినిక్‌కు తర్వాతి తేదీ రెండు నెలల తర్వాత ఉన్నా ముందే వెళ్లండి. అక్కడ "నిద్ర సరిగా లేదు" అని ఊరుకోకుండా "ఈ మందు వల్ల మానేయాలనిపిస్తోంది" అని నేరుగా చెప్పండి. ఆ మాట విన్న డాక్టరు తేలిగ్గా తీసుకోరు.

ప్రాణం తీసుకోవాలన్న ఆలోచనలు, లేనివి వినిపించడం, అందరూ తనకు కీడు తలపెట్టారన్న అనుమానం మొదలైతే ఎమర్జెన్సీకి వెళ్లండి. అవసరమైతే అక్కడే అదే రోజు మందు మారుస్తారు.

మందు మార్చాక ఎన్నాళ్లకు తేడా తెలుస్తుంది?

ఎఫావిరెంజ్ పూర్తిగా పోవడానికి రెండు మూడు వారాలు పట్టవచ్చు. తలతిరుగుడు, కలలు ముందు తగ్గుతాయి. దిగులుకు ఇంకొంచెం సమయం ఇవ్వండి. రెండు నెలలైనా తగ్గకపోతే అది విడిగా వైద్యం కావాల్సిన డిప్రెషన్ అయ్యుండవచ్చు.

డిప్రెషన్ మందులు, నిద్రమాత్రలు ఏఆర్‌టీతో కలిపి వాడవచ్చా?

వాడవచ్చు, చాలామంది వాడుతున్నారు. డోలుటెగ్రావిర్ లేదా బిక్టెగ్రావిర్ మీద ఉన్నవారికి సెర్ట్రాలిన్, ఎస్కిటలోప్రామ్, మిర్టజపిన్ వంటివాటితో పెద్ద చిక్కు లేదు. ఎఫావిరెంజ్ మాత్రం సెర్ట్రాలిన్‌ను సుమారు 39 శాతం, బుప్రోపియాన్‌ను 55 శాతం వరకు తగ్గించేస్తుంది. మందు వాడుతున్నా గుణం కనిపించకపోతే ఇదే కారణం కావచ్చు. మోతాదు పెంచాల్సి రావచ్చు.

అసలు చిక్కు రిటోనావిర్, కోబిసిస్టాట్‌తో. ఇవి కాలేయంలోని ఎంజైమ్‌లను అడ్డుకుని ఇతర మందుల స్థాయిని పెంచేస్తాయి. మాత్రగా ఇచ్చే మిడజోలామ్, ట్రయజోలామ్, పిమోజైడ్, లురాసిడోన్ వీటితో నిషిద్ధం. అల్ప్రజోలామ్ మత్తు ప్రమాదకరంగా పెరగవచ్చు. లోరజెపామ్ వేరే దారిలో విడిపోతుంది కాబట్టి అవసరమైతే దాన్ని ఎంచుకుంటారు. క్వెటియాపిన్ వాడుతున్నవారికి మోతాదు ఆరో వంతుకు తగ్గించాలి. దమ్ముకు వాడే ఫ్లూటికాసోన్ ఇన్‌హేలర్ కూడా వీటితో కలిస్తే ఒంట్లో స్టెరాయిడ్ పేరుకుపోయి ముఖం ఉబ్బడం, మనసు అదుపు తప్పడం జరుగుతాయి. ఇన్‌హేలరే కదా అని ఎవరూ చెప్పరు, కాబట్టి గుర్తుంచుకుని చెప్పండి.

మూర్ఛకు, మానసిక సమస్యలకు వాడే కార్బమజెపిన్ అనేక హెచ్‌ఐవీ మందుల స్థాయిని కూలదోస్తుంది. రిల్పివిరిన్, బిక్టెగ్రావిర్‌తో అది కుదరదు, డోలుటెగ్రావిర్‌తో అయితే రోజుకు రెండు పూటలా 50 మిల్లీగ్రాములు కావాలి. లిథియం, టెనోఫోవిర్ రెండూ మూత్రపిండాల దారినే పోతాయి కాబట్టి క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరు చెప్పే రక్త పరీక్ష), లిథియం స్థాయి తరచుగా చూడాలి. మూలికా మందుగా అమ్మే సెయింట్ జాన్స్ వోర్ట్ ఏ రూపంలోనూ వద్దు. దాని వల్ల ఏఆర్‌టీ విఫలం కావచ్చు.

మానసిక వైద్యుడికి హెచ్‌ఐవీ సంగతి చెప్పడం ఇష్టం లేకపోతే, రాసిచ్చిన చీటీని మొదటి మాత్ర వేసుకునే ముందే మీ ఏఆర్‌టీ క్లినిక్‌లో చూపించండి.

టీబీ మందులు కూడా మనసును మారుస్తాయా?

సైక్లోసెరిన్ మారుస్తుంది, భ్రమలు, తీవ్రమైన దిగులు దాకా. ఐసోనియాజిడ్ కొందరిలో మారుస్తుంది, అందుకే దానితో పాటు విటమిన్ బీ6 ఇస్తారు. ఆ చిన్న మాత్రను అనవసరమనుకుని పక్కన పెట్టకండి. రిఫాంపిసిన్ ఉన్నంతకాలం డోలుటెగ్రావిర్ రెండు పూటలా వేసుకోవాలి.

ఇంట్లోవాళ్లు ఏం గమనించాలి?

మాట తగ్గడం, మనుషులకు దూరంగా జరగడం, చిన్నదానికే విరుచుకుపడటం, నిద్ర లేకుండా విపరీతమైన హుషారు, వస్తువులు పంచిపెట్టేయడం, "నేను లేకపోతే మీకే మేలు" లాంటి మాటలు. ఇలాంటివి కనిపిస్తే చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగానే అడగండి. అలా అడగడం వల్ల ఆ ఆలోచన కొత్తగా పుట్టదు, చెప్పుకోవడానికి దారి దొరుకుతుంది. అవునంటే ఒంటరిగా వదలకండి, ఇంట్లో నిల్వ ఉన్న మాత్రలన్నీ మీ దగ్గర ఉంచుకుని ఏ పూటకా పూట ఇవ్వండి.

ఎఫావిరెంజ్ వాడుతుంటే మూత్ర పరీక్షలో గంజాయి ఉన్నట్టు వస్తుందా?

కొన్ని రకాల స్క్రీనింగ్ కిట్లలో వస్తుంది. బెంజోడయజెపిన్ రకం నిద్రమాత్రలు వాడినట్టు కూడా చూపించవచ్చు. మందు విడగొట్టినప్పుడు వచ్చే పదార్థాన్ని కిట్ పొరబడుతుంది. గ్యాస్ క్రొమటోగ్రఫీ వంటి నిర్ధారణ పరీక్ష చేయమని అడిగే హక్కు మీకుంది, అందులో నిజం తేలుతుంది. ఉద్యోగం దగ్గర హెచ్‌ఐవీ సంగతి బయటపెట్టడం ఇష్టం లేకపోతే "ఈ కిట్‌కు అడ్డొచ్చే మందు వాడుతున్నారు, నిర్ధారణ పరీక్ష చేయండి" అని మాత్రమే ఉన్న లేఖ మీ డాక్టరు నుంచి తీసుకోవచ్చు. లేఖలో జబ్బు పేరు రాయనక్కర్లేదు.